అకిల్ దీవి మీద సైకిల్‌తో ఒక రోజు (మేయో కౌంటీ, ఐర్లాండ్)

చక్రవాకం (డబ్లిన్) · జూలై 6, రాత్రి 9:50

అకిల్ గురించి ఈ వేదికలో ఇప్పటిదాకా వచ్చినవన్నీ కీమ్ బీచ్ ఫొటోలే. ఆ బీచ్ అందం గురించి నాకు రెండో మాట లేదు. కానీ వంతెన దాటగానే పెద్ద రోడ్డు పట్టుకుని నేరుగా కీమ్‌కి పోయి, ఓ గంట కూర్చుని వచ్చేస్తే ఆ దీవిని చూసినట్టు కాదు. పోయినవారం మేమిద్దరం సైకిళ్ల మీద తిరిగి వచ్చాం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తెలియనివాళ్ల కోసం: ఐర్లాండ్ తీరం చుట్టూ ఉన్న దీవుల్లో అకిలే అన్నిటికన్నా పెద్దది, దాదాపు 148 చదరపు కిలోమీటర్లు. పడవ ఎక్కే పని లేదు, 1887 నుంచీ వంతెన ఉంది. ఇప్పుడున్నది 2008లో కట్టిన కొత్తది. పేరు మాత్రం పాతదే, మైఖేల్ డావిట్ వంతెన. కౌలు రైతుల పక్షాన 1879లో ల్యాండ్ లీగ్‌ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడాయన, ఈ మేయో గడ్డ మీద పుట్టినవాడే.

వెస్ట్‌పోర్ట్‌లో సైకిళ్లు అద్దెకు తీసుకుని, గ్రీన్‌వే మీద మల్‌రనీ దాకా తొక్కి, రాత్రి అక్కడ ఉండి, తెల్లారి దీవిలోకి వెళ్లాం. గ్రీన్‌వే చాలావరకు పాత రైలు కట్ట మీద వేసిన దారి, వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా 42 కిలోమీటర్లు. రైలు కోసం చదును చేసిన నేల కాబట్టి పెద్ద ఎత్తులు తగలవు, కార్ల బాధ కూడా చాలా తక్కువ. దీవిలో అడుగు పెట్టాక ఆ రెండు సుఖాలూ మర్చిపోవాల్సిందే.

వంతెన దాటి కుడికి పోయే పెద్ద రోడ్డు వదిలి ఎడమకు, అంటే దక్షిణానికి తిరిగాం. అట్లాంటిక్ డ్రైవ్ అంటారు ఆ దారిని. మొదట వచ్చేది కిల్‌డావ్‌నెట్. నీళ్ల అంచునే నాలుగంతస్తుల రాతి బురుజు, దాని దగ్గర్లోనే శ్మశానం. ఆ శ్మశానంలో రెండు స్మారకాలున్నాయి, రెండూ స్కాట్‌లాండ్‌కి కూలికి పోయినవాళ్లవే. వాటి కథ వివరంగా తెలిసినవాళ్లు ఇక్కడ రాయాలని నా కోరిక.

దీవి దక్షిణపు కొస క్లాక్‌మోర్. ఎదురుగా అకిల్ బెగ్ అనే చిన్న దీవి కనిపిస్తుంది. 1965లో అక్కడి చివరి కుటుంబాలు కూడా ఒడ్డుకు వచ్చేశాయి. అక్కడి నుంచి దారి పడమటి తీరం వెంట ఉత్తరానికి మళ్లుతుంది. ఇక పక్కన అడ్డు లేని అట్లాంటిక్. ఆష్లమ్ దగ్గర సముద్రమట్టానికి దిగిన రోడ్డు వెంటనే వంపు మీద వంపు తిరుగుతూ కొండెక్కుతుంది. నేను సగం దూరం తొక్కి మిగతా సగం నడిపించుకుంటూ వెళ్లాను. నడవడం వల్ల ఇంకా బాగా చూశాను. పైకి చేరాక వెనక్కి తిరిగితే, ఎక్కిన వంపులన్నీ కాళ్ల కింద, వాటి కింద అఖాతం, నల్లరాయి మీద విరిగే తెల్లటి అల. అక్కడ ఎంతసేపు నిలబడ్డామో చూసుకోలేదు.

తర్వాత డూఈగా, మినాన్ కొండ (466 మీటర్లు) పక్కగా కీల్. అక్కడి చాయ్ దుకాణంలో సూప్, బ్రౌన్ బ్రెడ్. మధ్యాహ్నం స్లీవ్‌మోర్ కొండ కింద పాడుబడ్డ ఊరు చూసి, డూఆ మీదుగా కీమ్. ఆ చివరి ఎక్కుడు గురించి వేరే చెప్పాలి. రోడ్డు కొండ అంచున పోతుంది. ఈ దేశంలో మనం ఎడమ పక్కన తొక్కుతాం కాబట్టి వెళ్లేటప్పుడు సముద్రం వైపే ఉంటాం. గొర్రెలు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి, వాటి ఉన్ని మీద ఎవరి మందో తెలియడానికి నీలం, ఎరుపు రంగులు. మలుపు తిరిగి కీమ్ కనబడగానే ఇద్దరికీ మాట రాలేదు. మూడు వైపులా పచ్చటి కొండ, మధ్యలో ఆకుపచ్చా నీలమూ కలిసిన నీళ్లు.

పెద్ద రోడ్డు మీదుగా వంతెనకు తిరిగి వచ్చేసరికి తొమ్మిది దాటింది, ఇంకా వెలుతురు ఉంది. మొత్తం అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ.

---

అనసూయ_గాల్వే · జూలై 6, రాత్రి 10:35

చక్రవాకం గారూ, చదువుతుంటే నాకూ తిరిగినట్టే ఉంది. మాది గాల్వేనే, ఆసుపత్రి డ్యూటీల వల్ల మేయో వైపు వెళ్లే వీలే చిక్కలేదు. మా అబ్బాయికి పదమూడేళ్లు, సైకిల్ బాగానే తొక్కుతాడు. నేను మాత్రం పెళ్లయ్యాక మళ్లీ ముట్టుకోలేదు. బ్యాటరీ సైకిల్ తీసుకుంటే కీమ్ ఎక్కగలనా? దిగేటప్పుడు భయంగా ఉంటుందా? ఇంకో మాట, మేం మాంసం తినం. అక్కడ తిండి దొరుకుతుందా?

---

కృష్ణలంక_కుర్రాడు (కార్క్) · జూలై 6, రాత్రి 11:10

అన్నా, బాగా రాశారు. కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోను. దక్షిణపు చుట్టు, పాడుబడ్డ ఊరు, కీమ్, అన్నీ ఒకే రోజు పెట్టుకోమని కొత్తవాళ్లకు చెప్పకండి. కిలోమీటర్ల లెక్క కాదు, గాలి లెక్క. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచో పడమర నుంచో వస్తుంది. కీమ్‌కి పోయేది పడమటికే. అంటే కాళ్లు అలసిపోయాక, రోజులోకెల్లా కష్టమైన ఎక్కుడు ఎదురుగాలిలో. మీ రోజు గాలి మెత్తగా ఉన్నట్టుంది.

నా సలహా: దీవిలోనే కీల్ దగ్గర బస పెట్టుకోండి. ఒక రోజు పొద్దున్నే కీమ్, పాడుబడ్డ ఊరు. మరో రోజు దక్షిణపు చుట్టు. గ్రీన్‌వేని కూడా అకిల్ వైపు నుంచి వెస్ట్‌పోర్ట్‌కి తొక్కితే గాలి వీపు మీద ఉంటుంది. సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లే మనల్ని వ్యాన్‌లో అకిల్ దగ్గర దింపుతారు. అక్కడివాళ్లు చాలామంది చెప్పే పద్ధతి ఇదే.

---

చక్రవాకం (డబ్లిన్) · జూలై 7, ఉదయం 7:40

కృష్ణలంక తమ్ముడూ, గాలి విషయంలో నీ మాటే నిజం. రెండు రోజులు దొరికితే రెండు రోజులే పెట్టుకోవాలి. ఒక్కరోజే ఉందంటే మాత్రం నేను దక్షిణపు చుట్టునే ఎంచుకుంటాను, కీమ్‌ని వదిలేస్తాను. ఇది చాలామందికి నచ్చదని తెలుసు.

అనసూయ గారూ, బ్యాటరీ సైకిల్ అయితే నిశ్చింతగా ఎక్కుతారు. దిగేటప్పుడే జాగ్రత్త. రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా నొక్కుతూ రావాలి, గట్టిగా పట్టేయకూడదు. అద్దెకు తీసుకునే చోటే బ్రేకులు సరిచూసుకోండి, బ్యాటరీ నిండుగా ఉందో లేదో అడగండి. బాబుని మీకు ముందు వెళ్లనివ్వండి, కళ్ల ఎదుట ఉంటాడు. కీల్‌లో కూరగాయల సూప్, సోడా బ్రెడ్, స్కోన్లు, చిప్స్ దొరికాయి. సూప్ దేంతో కాచారో అడగండి, కొన్నిచోట్ల కోడి ఎముకల నీళ్లు పోస్తారు. మేం పులిహోర కట్టుకుని వెళ్లాం, పాడుబడ్డ ఊరి కింద గోడ మీద కూర్చుని తిన్నాం.

---

పాత_పట్టాలు (నాటింగ్‌హామ్) · జూలై 7, మధ్యాహ్నం 1:05

కిల్‌డావ్‌నెట్ స్మారకాల గురించి అడిగారు కదా. రైళ్ల చరిత్ర మీద ఇష్టంతో ఈ లైను గురించి చాలా చదివాను, ఒకసారి వెళ్లి ఆ సమాధుల ముందు నిలబడ్డాను కూడా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

19వ శతాబ్దంలో అకిల్ నేల అక్కడివాళ్లను పోషించలేకపోయింది. ప్రతి వేసవిలో యువకులు, ఆడపిల్లలు, పిల్లలు స్కాట్‌లాండ్‌కి బంగాళాదుంపలు తవ్వే కూలికి పోయేవాళ్లు. 1894 జూన్‌లో అలా బయల్దేరినవాళ్లు తెరచాప పడవల్లో వెస్ట్‌పోర్ట్ రేవుకు వస్తున్నారు, అక్కడ గ్లాస్గో పోయే స్టీమరు ఎక్కాలి. అంత పెద్ద ఓడను చూడ్డానికి ఒక పడవలోని వాళ్లంతా ఒకే పక్కకు చేరారనీ, అదే క్షణంలో తెరచాప మళ్లిందనీ చెబుతారు. పడవ బోల్తా పడింది. 32 మంది చనిపోయారు.

అప్పటికి వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్‌కి రైలు మార్గం పని సాగుతోంది. ప్రయాణికులకు అధికారికంగా తెరిచింది 1895లో. కానీ అకిల్ దాకా మొట్టమొదట నడిచిన రైలు ఈ మృతదేహాలను మోసుకొచ్చినదే.

రెండోది 1937 సెప్టెంబరు. స్కాట్‌లాండ్‌లో కిర్కింటిలాక్ అనే ఊళ్లో బంగాళాదుంపల కూలీలను పడుకోబెట్టిన షెడ్డుకు రాత్రివేళ నిప్పంటుకుంది. ఆడపిల్లలు వేరేచోట పడుకున్నారు, బయటపడ్డారు. లోపల ఉన్న 10 మంది మగపిల్లలూ చనిపోయారు. అందరికన్నా చిన్నవాడికి 13 ఏళ్లు, పెద్దవాడికి 23. అందరూ అకిల్ వాళ్లే. మృతదేహాలు ఓడలో డబ్లిన్‌కి, అక్కడి నుంచి రైల్లో అకిల్‌కి వచ్చాయి. లైను అప్పటికే మూతపడబోతోంది. ఆ ఏడాదే మూసేశారు.

17వ శతాబ్దపు బ్రియన్ రువా అనే జోస్యుడు, ఇనుప చక్రాల బండ్లు నిప్పూ పొగా కక్కుతూ అకిల్‌కి వస్తాయనీ, మొదటి బండీ చివరి బండీ శవాలనే మోస్తాయనీ ముందే చెప్పాడని మేయోలో నేటికీ చెప్పుకుంటారు.

మనం గ్రీన్‌వే అని హాయిగా తొక్కుతున్నది ఆ రైలు నడిచిన కట్ట మీదే. అందుకే కిల్‌డావ్‌నెట్ చూడకుండా గ్రీన్‌వే ఒక్కటే తొక్కి రావద్దని అందరికీ చెబుతుంటాను.

---

పాలమూరు_పిల్ల (హైదరాబాద్) · జూలై 7, సాయంత్రం 6:20

పాత పట్టాలు అన్నా, ఇది చదివి చానాసేపు ఫోన్ పక్కన పెట్టేసిన. మా తాత పాలమూరు కెళ్లి బొంబాయికి, ఆడికెళ్లి ఇంకా యాడికో డ్యాముల పనికి పోయెటోడు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపును తోలుకపోయెటోడు. పిల్లలను ఇంటికాడ ముసలోళ్ల దగ్గర ఇడిసి పోయేది. కొందరు తిరిగి రాలే, వాళ్ల పేర్లు రాసిన రాయి మా ఊళ్లె లేదు. అకిలోళ్లు రాయి పెట్టిండ్రు, ఏటేటా తలుచుకుంటుండ్రు అంటే వాళ్ల మీద గౌరవం కలిగింది.

ఒకటి అడుగుత. 13 ఏండ్ల పిలగాడు ఆడ పండుకునేది షెడ్డు. దాని మీద సర్కారు ఏమన్న చేసిందా?

---

పాత_పట్టాలు (నాటింగ్‌హామ్) · జూలై 7, రాత్రి 8:45

మంచి ప్రశ్న, అమ్మా. ఆ దుర్ఘటనపై స్కాట్‌లాండ్‌లో విచారణ జరిగింది, ఐర్లాండ్‌లో వలస కూలీల పరిస్థితి మీద ప్రభుత్వం పరిశీలన జరిపించింది. కూలీలను పడుకోబెట్టే వసతుల మీద రెండు దేశాల్లోనూ గట్టి చర్చ నడిచింది. కానీ వలస ఆగలేదు. దీవిలో చేయడానికి పని లేనప్పుడు ఎలా ఆగుతుంది?

---

గోదారి_గట్టు (రాజమండ్రి) · జూలై 7, రాత్రి 9:30

కథ గుండెను పట్టేసింది. కానీ జోస్యం సంగతి మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. ఇలాంటివి జరిగిన తర్వాత అతికినట్టు సరిపోతాయి. మొదటి రైలు గురించి ముందే చెప్పి ఉండి, రెండో ప్రమాదం తర్వాత చివరి బండి మాట చేర్చి ఉండొచ్చు కదా?

---

పాత_పట్టాలు (నాటింగ్‌హామ్) · జూలై 7, రాత్రి 10:10

ఉండొచ్చు. నేను జోస్యాన్ని నిరూపించడానికి రాయలేదు. 32 మందీ, 10 మందీ నిజం, రెండు రైళ్లూ నిజం. అంత దుఃఖాన్ని తట్టుకోవడానికి ఊరు ఒక కథను పట్టుకుంది. అందులో నాకు తప్పు కనబడదు.

---

ఏరీ_తీరం (క్లీవ్‌లాండ్) · జూలై 8, ఉదయం 5:15

అమెరికా నుంచి ఒక ముక్క. అకిల్ నుంచి వలసపోయినవాళ్లలో చాలామంది చేరింది మా క్లీవ్‌లాండ్‌కే. రేవులో, ఉక్కు మిల్లుల్లో పనిచేశారు. ఈ నగరానికీ అకిల్‌కీ సోదర సంబంధం ఒప్పందం కూడా ఉంది. నాతో పనిచేసే ఒకాయన అమ్మమ్మ డూఆలో పుట్టింది. ఈ చర్చ గురించి చెప్పి, కిర్కింటిలాక్ పేరు పలకగానే ఆయనే మిగతా కథంతా చెప్పాడు. వాళ్లింట్లో పిల్లలందరికీ చెబుతారట.

డూఆలో ఇసుక బీచ్ ఇప్పుడు ఉందా? 1984 తుఫానులకు ఇసుకంతా కొట్టుకుపోయి రాళ్లే మిగిలాయనీ, 2017లో ఒక్కసారిగా మళ్లీ ఇసుక చేరిందనీ ఆయన చెప్పాడు. మా పేపర్లలో కూడా అప్పట్లో వచ్చింది.

---

కృష్ణలంక_కుర్రాడు (కార్క్) · జూలై 8, ఉదయం 9:00

అది నిజమే. కానీ ఆ ఇసుక 2019లో మళ్లీ పోయింది. ఇసుక కోసమైతే కీల్‌కి వెళ్లమనండి, అక్కడి బీచ్ కిలోమీటర్ల పొడవు. డూఆలో మాత్రం డాన్ ఆలమ్ స్మారక ఫలకం దగ్గర ఆగాలి. 1987లో ఒక్కడే చేతి తెడ్లతో అట్లాంటిక్ దాటి, 77 రోజులకు డూఆ ఒడ్డుకు చేరాడు. రెండు దిశల్లోనూ ఆ సముద్రాన్ని అలా దాటిన మొదటి మనిషి. ఆయన చేరిన ఒడ్డు మీద నిలబడి పడమటికి చూస్తే, మన సైకిల్ అలసట గురించి మాట్లాడబుద్ధి కాదు.

---

మట్టివాసన (లిమెరిక్) · జూలై 8, మధ్యాహ్నం 12:40

చక్రవాకం గారు పాడుబడ్డ ఊరిని ఒక్క వాక్యంలో దాటేశారు. నాకది చాలదు! నేను నేలల మీద పనిచేస్తాను, అకిల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

స్లీవ్‌మోర్ (671 మీటర్లు) దక్షిణపు వాలు మీద కిలోమీటరుకు పైగా బారుగా ఎనభై నుంచి వంద దాకా రాతి ఇళ్ల శిథిలాలు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. చాలావాటికి ఒకటే గది. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండేవాళ్లు, పశువులను కట్టేసిన ఆనవాళ్లు కొన్ని గోడల్లో నేటికీ కనిపిస్తాయి.

ఇళ్లు చూశాక వాటి చుట్టూ ఉన్న నేలను చూడండి, సాయంత్రం ఏటవాలు ఎండలో. వాలంతా బోదెలు, కాలువలు, బోదెలు, కాలువలు. బంగాళాదుంపల కోసం పారతో తీసినవి. సముద్రపు నాచు మోసుకొచ్చి ఎరువుగా వేసేవాళ్లు. ఈ నేల ఎంత పుల్లటిదో, ఎంత నీరు నిలుస్తుందో తెలిసినవాళ్లకు ఆ బోదెల విలువ తెలుస్తుంది. నీరు కాలువలోకి దిగిపోయి దుంప పొడిగా ఉండాలి, అదీ ఉపాయం. 1845లో తెగులు వచ్చి దుంప కుళ్లిపోయింది, దేశమంతా కరువు. స్లీవ్‌మోర్ ఖాళీ అవడానికి ఆ కరువు ఒకటే కారణం కాదు. భూస్వాములు వెళ్లగొట్టడం ఉంది, సముద్రం పక్కన డూఆ లాంటి ఊళ్లకు జనం మారిపోవడం ఉంది. ఆ తర్వాత కూడా కొన్ని ఇళ్లను వేసవిలో పశువుల మేపు కోసం వాడుకున్నారు. 20వ శతాబ్దం వచ్చాక కూడా ఆ పద్ధతి సాగింది.

గోడల మీదికి ఎక్కకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి. సున్నం లేని గోడ, ఒక రాయి కదిలితే వరసంతా వస్తుంది. సైకిల్‌ని స్లీవ్‌మోర్ శ్మశానం దగ్గరే ఆపి నడవండి.

దారి పక్కన గొడుగంత ఆకులున్న మొక్క గుబురుగా కనిపిస్తే ముచ్చటపడి విత్తనం, దుంప తెచ్చుకోవద్దు. అది గన్నెరా, చిలీ దేశపుది. తోటల్లోంచి తప్పించుకుని అకిల్ పొలాలను మింగేస్తోంది. దాన్ని తీయడానికి స్థానికులు చాలా కష్టపడుతున్నారు.

---

అనసూయ_గాల్వే · జూలై 8, సాయంత్రం 5:30

మట్టివాసన గారూ, మా అబ్బాయికి మీరు రాసింది చదివి వినిపించాను. వాడి ప్రశ్న: కీమ్‌లో షార్కులు ఉంటాయట, నిజమేనా అని.

---

కృష్ణలంక_కుర్రాడు (కార్క్) · జూలై 8, సాయంత్రం 6:05

నిజమే, బాబుని భయపడొద్దని చెప్పండి అక్కా. బాస్కింగ్ షార్క్ మనుషుల జోలికి రాదు. నోరు బారెడు తెరుచుకుని నీళ్లలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటుంది. ప్రపంచంలో రెండో పెద్ద చేప అదే. 1947 నుంచి 1970ల దాకా కీమ్‌లో దాని వేట జోరుగా సాగింది. ఒడ్డుకు అడ్డంగా వలలు కట్టి, తోలు పడవల తరహా తేలిక పడవల్లో వెళ్లి ఈటెలతో పొడిచేవాళ్లు. కాలేయం నూనెకు మంచి ధర ఉండేది. వేలల్లో చంపాక చేపలు రావడం మానేశాయి. 2022లో ఐర్లాండ్ ఆ చేపకు చట్టరక్షణ ఇచ్చింది. ఏప్రిల్ నుంచి వేసవి మొదట్లో అదృష్టం ఉంటే పైకి తేలిన రెక్క కనిపిస్తుంది. జూలై, ఆగస్టుల్లో ఆశ పెట్టుకోవద్దు.

---

గోదారి_గట్టు (రాజమండ్రి) · జూలై 8, రాత్రి 9:15

కిల్‌డావ్‌నెట్ బురుజు ఎవరిది? దాని గురించి ఎవరూ చెప్పలేదు.

---

చక్రవాకం (డబ్లిన్) · జూలై 8, రాత్రి 10:00

ఓ'మాలీ వంశానిది. ఆ వంశంలో 16వ శతాబ్దపు గ్రానువేల్ ఈ తీరమంతటినీ ఏలింది. ఓడలు నడిపింది, వచ్చేపోయే ఓడల దగ్గర సుంకం వసూలు చేసింది, ఇంగ్లీషు అధికారులతో తలపడింది. కొడుకునీ సవతి సోదరుడినీ చెరలో పెడితే 1593లో తానే లండన్ వెళ్లి ఎలిజబెత్ రాణిని కలిసి మాట్లాడింది. బురుజు పక్కన నిలబడితే ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. దీవికీ నేలకీ మధ్య సన్నటి జలసంధి, అటు పోయే ఏ పడవా దాని కంట పడకుండా పోలేదు.

---

అనసూయ_గాల్వే · జూలై 9, ఉదయం 8:20

నిర్ణయం అయిపోయింది. ఆగస్టులో రెండు రాత్రులు కీల్‌లో. మొదటి రోజు కీమ్, పాడుబడ్డ ఊరు. రెండో రోజు దక్షిణపు చుట్టు, కిల్‌డావ్‌నెట్‌లో పూలు పెట్టి వస్తాం. హైదరాబాద్ నుంచి మా చెల్లెలు కూడా వస్తోంది, తను డబ్లిన్‌లో దిగి రైల్లో వెస్ట్‌పోర్ట్ వస్తుంది. సైకిల్ రైల్లో తేవచ్చా? వాన పడితే ఏం చేయాలి?

---

చక్రవాకం (డబ్లిన్) · జూలై 9, ఉదయం 9:05

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి వెస్ట్‌పోర్ట్‌కి నేరుగా రైళ్లున్నాయి, మూడు గంటల పైచిలుకు. సైకిల్‌కి చోటు చాలా తక్కువ, టికెట్‌తోపాటే ముందుగా రిజర్వు చేయాలి. చెల్లెలు ఒక్కదాని కోసం ఆ శ్రమ వద్దు, వెస్ట్‌పోర్ట్‌లోనో కీల్‌లోనో అద్దెకు తీసుకోండి. ఆగస్టు కాబట్టి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పి ఉంచండి.

వాన తప్పదు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. తేలికైన రెయిన్ జాకెట్, చేతి తొడుగులు, ఒక జత పొడి మేజోళ్లు ప్లాస్టిక్ సంచిలో. బయల్దేరే ముందు రోజు రాత్రి మెట్ ఏరన్ (ఐర్లాండ్ వాతావరణ శాఖ) సూచన చూడండి. గాలికి పసుపు హెచ్చరిక ఉంటే కీమ్, ఆష్లమ్ రెండూ మానుకోండి. ఆ రోజు గ్రీన్‌వే మీద తూర్పుకు తొక్కండి, న్యూపోర్ట్‌లోని ఏడు కమానుల పాత రైలు వంతెన చూపించండి బాబుకి.